త్రోవప్రక్క గూడు

మూలవాక్యము: ద్వితీయోపదేశకాండము 22:6, 7
చదువవలసిన భాగములు: లూకా 12:6, 7; లూకా 24:13–32



మోషే ధర్మశాస్త్రములో యుద్ధమును గూర్చియు, పొలముల సరిహద్దులను గూర్చియు, అప్పులను గూర్చియు ఆజ్ఞలున్నవి. వాటి నడుమ త్రోవను పోవువానికి ఒక చిన్న ఆజ్ఞ యున్నది. దారిలో అతనికి పక్షిగూడు అగపడి, తల్లి తన గ్రుడ్లనో పిల్లలనో రెక్కల క్రింద ఉంచుకొని కూర్చున్న యెడల, అతడు తల్లిని పట్టరాదు, విడిచిపెట్టవలెను. ఆలాగు చేసినవానికి మేలును దీర్ఘాయువును కలుగునని దేవుడు మాట ఇచ్చెను. తలిదండ్రులను సన్మానించువానికి ఏ వాగ్దానము కలదో (ద్వితీ. 5:16), గూటియెదుట చేయి ఆపుకొన్నవానికిని అదే వాగ్దానము కలదు. కావున ఇది చిన్న ఆజ్ఞయని మనము దాటిపోరాదు.

వానలు వెనుకపట్టి చలి మొదలుకాగానే, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల యౌవనస్థులు పెన్న లోయను చూడబోవుచున్నారు. కొందరు కాలినడకను, కొందరు సైకిళ్లమీదను, అనేకులు మోటారు సైకిళ్లమీదను పోవుదురు. ఇది మంచిదే. దేవుడు చేసినదానిని చూడగోరుట పాపము కాదు. అయితే ఏలాగు పోవలెను? పోయినవారు ఏమి చూడవలెను? ఈ నెల మనము దీనిని ధ్యానింతము.

మొదటిది, నెమ్మదిగా పోవువాడు చూచును. జమ్మలమడుగు నుండి గండికోటకు సుమారు 15 కిలోమీటర్లు. ఎఱ్ఱమల కొండలను పెన్నానది కోసికొనిపోయిన గండి అది. ఇరుప్రక్కల ఎఱ్ఱని రాతిగోడలు, వాటి క్రింద సుమారు 300 అడుగుల లోతున నీరు. మోటారుమీద ఉరికిపోయి, అంచున నిలిచి ఫొటో తీసికొని తిరిగివచ్చువానికి లోయ కనబడును గాని దారి కనబడదు. సైకిలు తొక్కువానికి చేనిగట్టు, గొఱ్ఱెలకాపరి, ముండ్లకంపలో దూరు కౌజుపిట్ట, నీళ్లబిందెతో వచ్చు అవ్వ, అందరును కనబడుదురు. ఎమ్మాయుకు పోయిన ఆ ఇద్దరు శిష్యులు ఏడు మైళ్ల త్రోవను నడచిపోయిరి. నడచిరి గనుకనే ప్రభువు వారి ప్రక్కకు వచ్చి, వారితోకూడ నడచుచు, లేఖనములను వివరింప వీలాయెను. మన తొందరలో ఆయనకు చోటేది?

రెండవది, చూచువాడు మరువబడినవారిని జ్ఞాపకము చేసికొనవలెను. గండికోట దగ్గర నీరు విశాలముగా నిలిచియుండుట చూచి మనము సంతోషింతుము. పులివెందుల వైపు ఎండిన చేలకు ఆ జలాశయము నుండియే నీరు ఎత్తిపోయుచున్నారు. కాని ఆ నీరు నిండుకొలది కొండాపురం మండలములోని పల్లెలు ఖాళీచేయవలసి వచ్చెను. 2020లో తాళ్లప్రొద్దుటూరు ఇండ్లలోనికి నీరు వచ్చెను. మన కన్నులకు అందమైన ఆ నీటి క్రింద ఒకరి పొయ్యిరాళ్లున్నవి, ఒకరి వాకిలి యున్నది. గట్టుమీద నిలిచి ఆ అందమును పొగడువాడు, ఆ కుటుంబములను ప్రార్థనలో తలంపకపోయినచో, అతడు సగమే చూచెను.

మరువబడినది మరియొకటి కలదు. ప్రొద్దుటూరు నుండి మైదుకూరు మీదుగా బద్వేలు పోవువారికి లంకమల కొండలు కనబడును. వాటి ప్రక్కల ముండ్లపొదల నడుమ బయలు నేలలో కలివికోడి యను పక్షి యున్నది. రెక్కలుండియు ఎక్కువగా పరుగెత్తును. పగలు దాగి రాత్రి తిరుగును. జెర్డాన్ అను ఆంగ్లేయ వైద్యుడు 1848 ప్రాంతమున దీనిని లోకమునకు తెలిపెను. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన తరువాత, అది మరి లేదని పండితులు తలంచిరి. 86 సంవత్సరములు గడచెను. 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే అది మరల దొరికెను. దొరకబట్టినది ఎవరు? రాత్రివేళ దీపము పట్టుకొని తిరుగు ఒక పల్లెవాసి. పండితుల పుస్తకములలో అది లేనిదైనను, పల్లెవారికి అది తెలిసియే యుండెను.

ఒక కాసుకు రెండు పిచ్చుకలని మత్తయి వ్రాసెను (10:29). రెండు కాసులకు ఐదని లూకా వ్రాసెను. అనగా ఐదవది కొసరు! అంగడిలో వెలలేని ఆ కొసరు పిచ్చుకనుకూడ దేవుడు మరువలేదని ప్రభువు చెప్పెను. మనుష్యులు 86 సంవత్సరములు లేదనుకొన్న పక్షిని ఆయన ప్రతి రాత్రి ఎరిగియుండెను. నీళ్లలో ఇల్లు పోయినవానిని, లెక్కలో లేని కూలివానిని, విధవరాలిని ఆయన ఎరుగకపోవునా? ప్రియులారా, మీలో ఎవరైనను మేము కొసరువారమని క్రుంగియున్న యెడల, ఈ మాట మీకే.

మూడవది, జ్ఞాపకము చేసికొన్నవాడు కాపాడవలెను. ఆ పక్షి నిమిత్తము 1988లో లంకమలలో అభయారణ్యము ఏర్పడెను. అభయారణ్యమనగా భయములేని అడవి. ఇశ్రాయేలీయులకు ఆశ్రయపురములున్నట్లు, ఇది నోరులేని జీవులకు ఆశ్రయపురము. తరువాత తెలుగుగంగ కాలువ ఆ పక్షి తావులోనికి రాబోగా, కాలువ త్రోవనే మార్చిరి. పిడికిలంత ప్రాణము కొరకు పెద్ద కాలువ ప్రక్కకు తొలగెను! గూటియెదుట చేయి ఆపుకొనుట నేటి దినములలోను సాధ్యమే.

ఆ పక్షిని వెదకువారు ఒక పని చేసిరి. పొదల నడుమ మెత్తని మన్ను పరచి, తెల్లవారి దానిమీద అడుగుల గుర్తులు పరీక్షించిరి. మనము పోయి వచ్చిన త్రోవనుకూడ ఒకరు పరీక్షించుచున్నారు. మన వెనుక ఏమి మిగిలియున్నది? పగిలిన సీసాలా, ప్లాస్టిక్ సంచులా, ఆర్పని నిప్పా?

కావున యౌవనస్థులారా, పోయి రండి. ఆదివారపు ఆరాధనను మాని పోవద్దు. అభయారణ్యములోనికి అటవీశాఖవారి అనుమతి లేక ప్రవేశింపవద్దు. ఎండుగడ్డి దగ్గర నిప్పు ముట్టింపవద్దు, పొదలు నరుకవద్దు, గూళ్లను తాకవద్దు. తీసికొనిపోయిన సీసాను తిరిగి తెండి. లోయ అంచున పరాచికములాడవద్దు. లోతు తెలియని నీటిలో దిగవద్దు. మీ తల్లి ఇంటివద్ద ఎదురుచూచుచుండును. ఆమెయు తన గూటిమీద కూర్చున్న తల్లియే. దారిలో పల్లెవారు కనబడిన యెడల సైకిలు దిగి, అయ్యా, అమ్మా అని పలుకరించి, వారి మాట వినుడి. మీకు తెలియనిది వారికి తెలిసియుండును.

దేవుడు ఆదామును తోటలో ఉంచినది దానిని సేద్యపరచి కాయుటకు (ఆది. 2:15). పెన్న లోయయు లంకమలయు మనకప్పగింపబడిన తోటలోనివే.

ప్రార్థన: దయగల తండ్రీ, మేము నడచు త్రోవలో నీవు మరువనివారిని మేమును మరువకుండునట్లు మా కన్నులు తెరువుము. గూటిని చూచినప్పుడు మా చేతిని ఆపుము. పొరుగువాని కష్టమును చూచినప్పుడు మా చేతిని చాపనిమ్ము. ఎమ్మాయు త్రోవలో నడచిన నీ కుమారుడు మాతోకూడ నడచునుగాక. ఆయన నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.