రాయి కలకండ అయ్యేదాకా

చింతామణి తాలూకా కైవారం కొండకు రెండు కథలున్నాయి. పాండవులు తలదాచుకున్న ఏకచక్రపురం ఇదేననీ, భీముడు బకాసురుణ్ని మట్టుపెట్టింది ఇక్కడేననీ ఊరివాళ్ల నమ్మకం. భీమలింగేశ్వరుడి గుడి అందుకు గుర్తు. ఇది మొదటి కథ. రెండోది అంత పాతది కాదు. గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగే నారాయణప్పకు పరదేశి స్వామి అనే గురువు అష్టాక్షరీ మంత్రం ఉపదేశించి, నోట్లో ఒక గులకరాయి పెట్టి, అది కలకండగా మారేదాకా జపం చెయ్యమన్నాడట. కొండగుహలో కూర్చుని ఆ మాట నిలబెట్టుకున్న నారాయణప్పే యోగి నారేయణ అయ్యాడు. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టాడు, కాలజ్ఞానం చెప్పాడు. 1726లో పుట్టి 1836 దాకా, 110 ఏళ్లు బతికాడని సంప్రదాయం. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం వైపు జనానికి ఆయన కైవారం తాతయ్య. భీముడి కథలో పని ఒక్క పోరుతో తేలిపోతుంది. తాతయ్య కథలో చాలాకాలం పైకి ఏమీ జరగదు. బరువు తగ్గాలని మొదలుపెట్టి, రెండు మూడు వారాలకే నీరుగారిపోయేవాళ్లు తాము భీముడి కథలో ఉన్నామనుకుంటారు. వాళ్లున్నది తాతయ్య కథలో.

శరీరం లెక్క చూస్తే ఇది తెలుస్తుంది. కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీల శక్తి నిల్వ ఉంటుంది. రోజుకు 500 క్యాలరీలు తగ్గించుకోగలిగినవాళ్లకు కూడా వారానికి అరకిలో కరిగితే గొప్ప. తూకం మిషన్ మీద అంకె మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే కిలో అటూ ఇటూ అవుతుంది. రాత్రి ఊరగాయ ఎక్కువైతే ఆ ఉప్పుకు ఒంట్లో నీరు నిలుస్తుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెడితే కండరాలు నీరు పట్టుకుంటాయి. ఆడవాళ్లలో చాలామందికి నెలసరి ముందు బరువు పెరిగినట్టు కనిపిస్తుంది. వారం పొడుగునా కరిగిన కొవ్వు ఈ నీటి మాటున కనబడకుండా పోతుంది. కొందరికి దీనికి ఎదురు జరుగుతుంది. తిండి తగ్గించిన తొలి రోజుల్లో కాలేయం, కండరాలు దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. దాని ప్రతి గ్రాముతో మూడు గ్రాముల దాకా నీరు ఉంటుంది కనుక కిలో, రెండు కిలోలు ఇట్టే దిగుతాయి. ఆ తర్వాత అసలు కొవ్వు వంతు వచ్చేసరికి బరువు ఆగిపోయిందనిపిస్తుంది. మొదటివాళ్ల దిగులుకూ, రెండోవాళ్ల తొలి సంబరానికీ కారణం చాలావరకు నీళ్లే. తొలి నెలలో ఆ అంకెను నమ్ముకుని మన పట్టుదలకు మార్కులు వేసుకోవడం న్యాయం కాదు.

అలాంటప్పుడు దేన్ని నమ్ముకోవాలి? పరదేశి స్వామి చెప్పిన మాటలో రెండు భాగాలున్నాయి. జపం చెయ్యడం శిష్యుడి పని. రాయి తియ్యనవడం శిష్యుడు చెయ్యగల పని కాదు, అది గురువు చెప్పిన గుర్తు మాత్రమే. ఘడియకోసారి రాయి రుచి చూసుకుంటూ కూర్చున్నవాడికి జపం సాగదు. అభ్యాసం గట్టిపడాలంటే అది చాలాకాలం, ఎడతెగకుండా, శ్రద్ధతో సాగాలన్నాడు పతంజలి. ఎంత త్వరగా అన్నది ఆయన షరతుల్లో లేదు. దిగులుపడని మనసుతో మెల్లమెల్లగా సాగమనీ, మనసు ఎటు జారితే అటునుంచి తిరిగి తెచ్చుకొమ్మనీ గీత ఆరో అధ్యాయం చెబుతుంది. ఎడతెగకుండా అంటే ఒక్కసారీ తప్పకుండా అని అర్థం చేసుకుంటే పెళ్లిభోజనం తిన్న మర్నాడే అంతా అయిపోయిందనిపిస్తుంది. తప్పిన చోటినుంచి మళ్లీ అందుకోవడం కూడా అభ్యాసంలో భాగమే. ఈ రోజు నడిచామా, ముద్ద చిన్నదైందా, ఆకలి లేనప్పుడు చెయ్యి ఆగిందా అన్నవి ఈ రోజే జవాబు దొరికే ప్రశ్నలు. ఎన్ని కిలోలు అన్నదానికి ఈ రోజు జవాబు లేదు.

ఇదంతా ఫలితం రానివాళ్లకు చెప్పే ఓదార్పు మాట కాదా అని అడగవచ్చు. మిషన్ మీద కనిపించని ఫలితం కూడా ఉంటుందనడానికి ఆధారం ఉంది. మన దేశంలో మధుమేహ నివారణపై చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. షుగర్ వ్యాధి అంచున ఉన్న 531 మందిని దాదాపు 30 నెలలు గమనించారు. తిండి, నడక పద్ధతి మార్చుకున్నవాళ్లలో అది వ్యాధిగా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది. బరువు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. అమెరికాలో 3,000 మందికి పైగా పాల్గొన్న ఇలాంటి అధ్యయనం 2002లో వచ్చింది. అందులో ముప్పు 58 శాతం తగ్గింది, అక్కడ తగ్గిన బరువు సగటున ఐదారు కిలోలే. పెద్ద అంకె రాకముందే ఒంట్లో మేలు మొదలవుతుందని ఈ రెండూ చెబుతున్నాయి.

ఏళ్లు గడిచినా రాయి రాయిగానే ఉంటే ఏం చెయ్యాలన్నది ఇంకా గట్టి ప్రశ్న. గుడ్డి ఓపిక సాధన కాదు. గురువు గుర్తు చెప్పాడంటేనే చూసుకొమ్మని అర్థం, కాకపోతే తగిన వేళకు. వారానికి ఒక్కసారి, ఒకే వేళకు తూచుకుని నెల మొత్తం మీద చూడాలి. నడుము చుట్టూ టేపు పెట్టాలి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదని మన దేశానికి పెట్టుకున్న హద్దు. మూడు నెలలకూ ఏమీ మారకపోతే పద్ధతినే అనుమానించాలి. రాగి మంచిదని నమ్మి ముద్ద సైజు చూసుకోనివాళ్లు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. నూరు గ్రాముల రాగిపిండిలో 320 క్యాలరీలుంటాయి, అదే తూకం బియ్యంలో 350 పైచిలుకు. తేడా అంతే. పొద్దంతా పొలంలో ఒళ్లు వంచినవాళ్లు తిన్న ముద్దే, బెంగళూరు ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయేవాళ్లూ తింటే లెక్క కుదరదు. థైరాయిడ్, కొన్ని రకాల మందులు కూడా బరువును దిగనివ్వవు కనుక డాక్టరును కలవాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే కలవాలి.

అంత ఓపిక ఎందుకు, నాలుగు ఉపవాసాలతో తేల్చేద్దాం అనేవాళ్లూ ఉంటారు. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని గీత రెండు వైపులా హద్దు గీసింది. కైవారం మొదటి కథను కూడా మనం సగమే వింటాం. బకాసురుణ్ని చంపిన భీముడు తానూ పెద్ద తిండిపోతే. రాక్షసుడికి పంపిన బండెడు అన్నం ముందు తాను తిని, ఆ తర్వాతే పోరాడాడు. ఆకలి ఉండటం రాక్షసత్వమైతే ఆ కథలో చంపినవాడికీ చచ్చినవాడికీ తేడా లేదు. ఒంటిని శత్రువుగా చూసి కడుపు మాడ్చుకుంటే కండ కూడా కరుగుతుంది, పట్టు సడలగానే పోయిన బరువు తిరిగి చేరుతుంది.

చివరగా, బరువు గొడవకు ఆధ్యాత్మిక పేజీలో చోటెందుకన్న ప్రశ్న. అద్దంలో అందం కోసమే అయితే చోటు లేదు. కానీ ధ్యానం గురించి చెప్పే గీత ఆరో అధ్యాయంలోనే తిండి, నిద్ర, నడవడి, పని మితంగా ఉండాలన్న మాటా వచ్చింది. నాలుక అడిగినప్పుడు చేతిని ఆపగలిగిన మనసు, కోపం వచ్చినప్పుడు నోటినీ ఆపగలదు. ఆ బలం తూకానికి అందదు, కిలోలు దిగేదాకా ఆగనూ ఆగదు. కాబట్టి తొలి నెలల్లో పుస్తకంలో రాసుకోవాల్సింది కిలోలు కాదు. నడిచిన రోజులు, ముద్ద తగ్గిన పూటలు, తప్పిన మర్నాడే మళ్లీ మొదలుపెట్టిన సందర్భాలు రాసుకోవాలి. ఆ పేజీ నిండుతున్నంతకాలం, మిషన్ ఏం చూపినా, మానెయ్యడానికి కారణం లేదు.