మోయమనడమా, మోయడమా?

1999 ఎండాకాలం. నాకప్పుడు పదకొండేళ్లు. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో అవ్వ ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం బస్సుకి మా చిన్నమ్మ ఒక్కతే వచ్చింది. ఎడమ చెయ్యి వాచిపోయి ఉంది, కొంగుతో కప్పుకుంది. అవ్వ ఏమైందని అడగలేదు. ఉప్పు కాపడం పెట్టింది, సంగటి తినిపించింది, రాత్రి పక్కన కూర్చుని కన్నీళ్లతో ప్రార్థన చేసింది. మూడోరోజు తనే బస్సెక్కించింది. “యేసయ్య అంత సిలువ మోసినాడు కదమ్మా, నువ్వీ మాత్రం మొయ్యలేవా?” అంది. చిన్నమ్మ తలూపింది.

మా అవ్వ చెడ్డమనిషి కాదు. ముప్ఫై ఏళ్లు బైబిలు స్త్రీగా పల్లె పల్లె నడిచింది. ఎవరికి జ్వరమొచ్చినా, కాన్పు కష్టమైనా, లండన్ మిషన్ వాళ్లు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రికి బండి కట్టించి తీసుకుపోయేది. ఊళ్లో నీళ్లు ముట్టనివ్వని ఇళ్లలోంచి వచ్చిన ఆడవాళ్లకి అక్షరాలు దిద్దించింది. నేనివాళ పిహెచ్‌.డి. చేయగలిగానంటే దాని మొదలు అవ్వ చేతిలోని ఆ పలక. మరి అంత దయగల మనిషి సొంత కూతుర్ని ఆ ఇంటికే ఎలా పంపగలిగింది? చాలా ఏళ్లుగా నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఇది.

మన భాషలో ‘భరించు’ అంటే మోయడమూ ఔను, ఓర్చుకోవడమూ ఔను. ‘భర్త’ కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. భరించేవాడని అర్థం. కానీ ఆచరణలో భరించేది ఎవరో మనకు తెలుసు. అవ్వ ఒక్కతే కాదు, చట్టం కూడా చిన్నమ్మకి ఓర్చుకోమనే చెప్పింది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ పురుషుడికి భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. స్త్రీకి మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు కావాలి. ఉట్టి దెబ్బలు చాలవు. 2001లో సవరణ వచ్చేదాకా చట్టంలో రాసి ఉన్నది ఇదే. అంటే ఆ రోజు అవ్వ బస్సెక్కించకపోయినా, ఆ చట్టంలో రాసినదాని ప్రకారం ఆ దెబ్బలు మాత్రమే విడాకులకి చాలవు. అవ్వని తప్పుపట్టేముందు నేనిది గుర్తుచేసుకుంటాను. అయినా చట్టం విడాకులివ్వకపోతే తల్లి ఇల్లు కూడా ఇవ్వకూడదా?

జర్మన్ స్త్రీవాద వేదాంతి డొరొతే జొల్లె 1973లో బాధ మీద రాసిన పుస్తకంలో క్రైస్తవంలోని ఈ ధోరణిని నిలదీసింది. బాధని దేవుడే పంపాడని చెప్పి లొంగుబాటుని భక్తిగా మార్చడాన్ని ఆమె ఒప్పుకోలేదు. మూగబాధ మొదట మాటగా, విలాపంగా మారాలి, అప్పుడే మార్పు సాధ్యమంటుంది. ఇది చదివినప్పుడు నాకు అవ్వ ప్రార్థన గుర్తొచ్చింది. ఆ ప్రార్థనలో అవ్వ మాటలే ఉన్నాయి. చిన్నమ్మ మాట ఒక్కటీ లేదు.

కానీ మా నేల మీద భక్తికి ఇంకో ముఖమూ ఉంది. 1876–78 ధాతు కరువులో కడప, కర్నూలు, బళ్లారి ఎండిపోయాయి. సహాయ పనుల్లో కూలిని రోజుకి ఒక పౌను గింజలకీ ఒక అణాకీ కుదించారు ప్రభుత్వం తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్ దొరవారు. అప్పుడే ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువు పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీల పాత్ర మీద మనకి విమర్శలుండొచ్చు, ఉండాలి కూడా. ఐతే ఆకలిని ఓర్చుకోమని బోధించకుండా ముందు కూలి ఇప్పించడం వేరే రకం భక్తి. ఆ తేడా మనం చూడాలి.

2016లో చిన్నమ్మకి క్యాన్సరు వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చాం. అప్పటికి అవ్వ లేదు. చర్చి స్త్రీల కూటం నుంచి నలుగురు వంతులేసుకుని వచ్చేవాళ్లు. బెడ్‌పాన్ తీశారు, తల దువ్వారు, కూలి పోగొట్టుకుని రాత్రులు మేలుకున్నారు. ఒక తెల్లవారుజామున వాళ్లలో ఒక ముసలామె “ఏడ నొప్పి తల్లీ, చెప్పు” అంది. చిన్నమ్మ కడుపు గురించి చెప్తూ చెప్తూ ఎడమ చేతి గురించి చెప్పింది. పదిహేడేళ్ల తర్వాత! ఆమె వింది. దేవుని చిత్తమనలేదు, ఓర్చుకోమనలేదు. చిన్నమ్మ నావైపు తిరిగి “మీ అవ్వ ఒక్కమాట అడిగింటే ఆరోజే చెప్పేదాన్ని పాపా” అంది.

పొరుగువాణ్ణి ప్రేమించడమంటే నీ బాధేమిటని అడగగలగడమేనని సిమోన్ వెయిల్ రాసింది. క్రీస్తుని అంతగా ప్రేమించీ ఏళ్ల తరబడి బాప్తిస్మానికి దూరంగా ఉండిపోయిన మనిషి ఆమె. ఆ ముసలామె వెయిల్‌ని చదవలేదు. ఆమెకి ఆ అవసరమూ లేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే నేను స్త్రీవాదిని కాను. సువార్తల్లో యేసు సిలువ మోసిన కురేనీయుడైన సీమోను తనంతట తానుగా రాలేదు, సైనికులు బలవంతాన మోయించారు. మంచం పక్కన మేలుకున్న ఆ నలుగురూ ఆడవాళ్లే. పాస్టరుగారు పది నిమిషాలు ప్రార్థన చేసి వెళ్లారు. సంఘపెద్దలు ఫోన్‌లో పరామర్శించారు. సేవ అనే మాట కింద ఎవరి శ్రమ దాక్కుంటోందో అడగకుండా ఆ నలుగుర్నీ పొగిడితే అది కూడా వాళ్ల నెత్తిన ఇంకో బరువు పెట్టడమే.

మా ఊళ్లో నిండు బిందె నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. దించాలన్నా వెయ్యాలి. అవ్వ ఎత్తడానికే చెయ్యి వేసింది. దించడానికి వెయ్యలేదు. ఎందుకంటే ఆమె నెత్తి మీది బిందెను దించినవాళ్లు ఎప్పుడూ లేరు. నాకివాళ అవ్వ మీద కోపం లేదని చెప్పలేను. ఉంది. కానీ ఎవరైనా ఆడమనిషి నా గుమ్మంలోకి చెయ్యి కప్పుకుని వస్తే, ముందు ఏమైందని అడుగుతాను. ఆ తర్వాతే కాపడం, ప్రార్థన.