తెరమీద లేచినవాడు, సమాధినుండి లేచినవాడు

ధ్యాన భాగము: 2 సమూయేలు 1వ అధ్యాయము, 17 మొదలు 27 వరకు



తెనాలి దగ్గరి బుర్రిపాలెములో పుట్టిన సినిమా నటుడు కృష్ణగారు 2022 నవంబరు 15వ తేదీ తెల్లవారుజామున హైదరాబాదులో 79 ఏండ్ల ప్రాయమున కన్నుమూసిరి. ఆ ఆదివారము ప్రార్థన మనవుల వేళ మా సంఘములోని ఒక సహోదరుడు లేచి, ఆ కుటుంబమునకు ఆదరణ కలుగునట్లు ప్రార్థించుడని అడిగెను. అడుగుచుండగానే ఆయన గొంతు పూడుకొనిపోయెను. ఆయన అరువది ఏండ్లకు దగ్గరపడినవాడు, మిరపచేలలో ఎండకు కాగినవాడు. వెనుకనుండి ఎవరో నవ్విరి. ఒక పెద్ద, “సినిమావాని కోసం విశ్వాసి ఏడుస్తాడా?” అనెను. మేము ఊరకుంటిమి. ఆ మౌనము ఆ రాత్రి మమ్మును నిద్రపోనియ్యలేదు.

మరునాటి సాయంకాలము ఆయన ఇంటికి వెళ్లి మంచముమీద ఆయన ప్రక్కన కూర్చుంటిమి. అప్పుడాయన తన చిన్ననాటి సంగతి చెప్పెను.

1974లో కృష్ణగారి నూరవ చిత్రము “అల్లూరి సీతారామరాజు” వచ్చెను. అది ఆ ప్రాంతపు టూరింగు టాకీసుకు వచ్చినప్పుడు ఈ సహోదరుడు పదేండ్ల బాలుడు. నేల టిక్కెట్టు కొని, ఇసుకమీద కూర్చుండి చూచెను. మన్యము ప్రజల పక్షమున నిలిచిన ఆ వీరుని, 1924 మే 7న కొయ్యూరులో జరిగినట్లే, కథ చివర కాల్చి చంపిరి. బాలుడు ఇంటికి వచ్చి అన్నము ముట్టలేదు. కొన్నాళ్లకు అదే డేరాలో 1971 నాటి “మోసగాళ్లకు మోసగాడు” ఆడెను. ఆ వీరుడే గుర్రమెక్కి, సజీవుడై కనబడెను! బాలుడు పరుగున వచ్చి, “అమ్మా, చచ్చిపోయినాయన మళ్లీ వచ్చాడే!” అని కేక వేసెను.

తల్లి కూలిపని చేయునది, అక్షరము రానిది. ఆమె నవ్వలేదు, కసరలేదు. పొయ్యి ఎగదోయుచు, “అది బొమ్మ నాయనా. నిజంగా చచ్చి, నిజంగా లేచినాయన ఒక్కడే” అనెను.

ఇది చెప్పి ఆ సహోదరుడు, “ఈసారి ఆయన మళ్లీ రాడు గదా, అయ్యగారూ” అని కన్నులు తుడుచుకొనెను.

ప్రియులారా, దావీదును చూడుడి. సౌలు అతనిని అడవులవెంట తరిమినవాడు. అయినను సౌలు పడిపోయెనని విన్నప్పుడు దావీదు సాయంకాలమువరకు ఉపవాసముండి ఏడ్చెను. అతడు కట్టిన విలాపములో సౌలు తప్పుల పట్టిక లేదు. సౌలువలన ఇశ్రాయేలు స్త్రీలకు కలిగిన మంచి బట్టలను సహితము అతడు జ్ఞాపకము చేసెను. పొందిన మేలు చిన్నదైనను దానిని తలంచి ఏడ్చుట విగ్రహారాధన కాదు. పేదల పక్షమున ఒకడు ప్రాణము పెట్టవచ్చునని ఆ బాలుడు ఆ ఇసుకమీదనే మొదట ఎరిగెను. అది చిన్న మేలా? మన ప్రభువు సహితము లాజరు సమాధియొద్ద మరియను గద్దింపక, తానును కన్నీరు విడిచెను.

అయితే కన్నీటిని అక్కడనే విడువకూడదు. తెరమీది చావు నటన గనుక, తెరమీద మరల కనబడుటయు నటనయే. కృష్ణగారును మనవంటి మనిషియే. అదే 2022 జనవరిలో పెద్ద కుమారుని, సెప్టెంబరులో భార్యను పోగొట్టుకొని, నవంబరులో తానును వెళ్లిపోయిరి. మూడు వందలకు పైగా చిత్రములలో వీరుడైనవానికిని మరణమును గెలుచుట చేతకాలేదు. యేసుక్రీస్తు మరణము నటన కాదు. ఆయన ప్రక్కలో బల్లెము దిగెను, ఆయన దేహమును నారబట్టలతో చుట్టిరి, సమాధికి రాయి పొర్లించిరి. చావు నిజమైనది గనుకనే లేచుటయు నిజమైనది. మన ఆశ అంతయు అందులోనే యున్నది.

ఈ సత్యమును ఆ తల్లి పొయ్యియొద్ద ఒక్క మాటతో చెప్పెను. ఎన్నో ప్రసంగములు చేసిన మేము ఒక్క ఆదరణ మాట చెప్పలేకపోతిమి. ఆమె ముందు బిడ్డ సంతోషమును ఆలకించి, పిమ్మట బోధించెను. మేము ఆలకింపకయే తీర్పు తీర్చువారిప్రక్కను నిలిచితిమి. తరువాతి ఆదివారము సంఘము ఎదుట ఆ సహోదరుని క్షమాపణ అడిగి, ఆయన కోరిన ప్రార్థన చేసితిమి. నవ్వినవారును తలలు వంచిరి.

నేడు మన పిల్లలు చేతిలోని ఫోనులో తమ వీరులను చూచుకొనుచున్నారు. ఏదో ఒకనాడు వారును ఇట్లే ఏడ్తురు. అప్పుడు వారిని గద్దింపకుడి. ప్రక్కన కూర్చుండి, “ఆయనలో నీకేమి నచ్చింది, నాయనా?” అని అడుగుడి. వారు చెప్పినంతసేపు వినుడి. పిమ్మట ఆ తల్లి చెప్పిన మాట చెప్పుడి.

మృతులలోనుండి లేచిన ప్రభువు దుఃఖించు ప్రతి హృదయమును ఆదరించును గాక. ఆమేన్.