శాసనం, సమ్మతి, ధర్మం: అమరావతి రైతుల ప్రశ్న

శాసనసభలో నెగ్గిన ప్రతి చట్టమూ ధర్మమేనా? రాజనీతి చింతనలో ఎంతో పాతదైన ఈ ప్రశ్న 2014 తర్వాత విజయవాడకు ఆవలి ఒడ్డున, కృష్ణ కుడిగట్టు గ్రామాల్లో రైతుల నోట మళ్లీ వినిపించింది. ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధాని కోసం ఆ ఏడాది రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థకు సంబంధించిన సీఆర్‌డీఏ చట్టం వచ్చింది. దాని కింద 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరించారు.

మహాభారత శాంతిపర్వం రాజు అవసరానికి చెప్పే కారణం మత్స్యన్యాయం: రక్షకుడు లేనిచోట బలవంతుడు బలహీనుణ్ణి మింగేస్తాడు. శాసనానికి అధికారం దక్కేది బలహీనుణ్ణి కాపాడినప్పుడేనని దీని భావం. బౌద్ధ గ్రంథం దీఘనికాయంలోని మహాపరినిబ్బాన సుత్తం మరో కొలమానం ఇస్తుంది. గణరాజ్యంగా బతికిన వజ్జులు తరచూ సభ చేరి, కలిసి నిర్ణయించుకుంటూ, స్థిరపడిన కట్టుబాట్లను ఇష్టానుసారం తుడిచివేయనంతకాలం వారికి పతనం లేదని బుద్ధుడు మగధ మంత్రితో అంటాడు. బౌద్ధ మహాస్తూపం వెలసిన అమరావతి పేరునే రాజధానికి పెట్టుకున్న ప్రభుత్వాలకు ఈ మాట మరింత వర్తిస్తుంది.

మొదటి చిక్కు సమ్మతి దగ్గర వచ్చింది. జరీబు (నది చేరువలోని సారవంతమైన సాగునీటి భూమి) ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లపాటు ఏటా కౌలు ఇస్తామన్న హామీపై చాలామంది సమ్మతి తెలిపే 9.3 ఫారంపై సంతకం చేశారు. ఏటా మూడు పంటలు పండే పెనుమాక, ఉండవల్లి పొలాల రైతులు మాత్రం 9.2 ఫారంతో అభ్యంతరం తెలిపారు. ఇవ్వనివారి భూమిని సేకరణ చట్టం కింద తీసుకుంటామని ప్రభుత్వమే చెబుతుండగా పెట్టిన సంతకాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అనడం కష్టం.

రెండో చిక్కు కంపెనీల కోసం నిబంధనలు మారడం. 1,691 ఎకరాల స్టార్టప్ ప్రాంతాన్ని సింగపూర్ కంపెనీల కూటమికి స్విస్ ఛాలెంజ్ పద్ధతిలో ఇవ్వాలనుకున్నారు. ఈ పద్ధతిలో ఒక సంస్థ ముందుగా ప్రతిపాదన ఇస్తుంది. అంతకన్నా మేలైనది మరొకరు తెస్తే, దానికి సరితూగే అవకాశం మొదటి సంస్థకే ఉంటుంది. 2016లో హైకోర్టు ఈ ప్రక్రియను ఆపింది. ప్రభుత్వం 2001 నాటి మౌలిక సదుపాయాల చట్టాన్ని సవరించి ప్రక్రియను మళ్లీ మొదలుపెట్టింది. వామపక్షాలు, ప్రజాసంఘాలు దీన్ని తీవ్రంగా ప్రతిఘటించాయి. ఆటలో చిక్కుకున్న పెద్దవాడి కోసం ఆట నియమాన్నే మార్చడం మత్స్యన్యాయానికి చట్టం ముసుగు వేయడమే. 2019 నవంబరులో ఆ స్టార్టప్ ప్రాంత ప్రాజెక్టు రద్దయింది.

ఇంతకంటే లోతైన అన్యాయం అంతగా చర్చకు రాలేదు. 2013 కేంద్ర భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. భూమి లేని కౌలు రైతు, కూలీ తమ గోడు చెప్పుకోగల చోటు అదే. రాష్ట్రం 2018లో తెచ్చిన సవరణ అనేక ప్రాజెక్టులకు ఆ అంచనా నుంచి మినహాయింపునిచ్చింది. పెట్టుబడికి వేగం కావాలి, నిజమే. కానీ ఆ వేగం కోసం మొదట మూయించింది బలహీనుల నోటినే.

2019 డిసెంబరు 17న రాజధానిని మూడు చోట్లకు పంచే ‘మూడు రాజధానుల’ మాట రావడంతో భూములిచ్చిన రైతులు కూడా రోడ్డెక్కారు. 2020 జనవరి 20న వెలగపూడిలో, వారి పొలాల్లో కట్టిన సభలోనే అందుకు తెచ్చిన వికేంద్రీకరణ బిల్లు నెగ్గింది. శాసనసభ ముట్టడికి బయలుదేరిన రైతులపై లాఠీలు విరిగాయి. 2021 నవంబరులో తుళ్లూరు నుంచి తిరుమలకు సాగిన మహాపాదయాత్రకు వారు పెట్టుకున్న పేరు ‘న్యాయస్థానం నుంచి దేవస్థానం’. సభ మాట తప్పితే న్యాయస్థానం, అక్కడా ఆలస్యమైతే దేవుడు: పల్లెల్లో ధర్మానికి ఉన్న మెట్ల వరుస ఆ పేరులోనే ఉంది. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు అందులో కొంత భాగంపై స్టే ఇచ్చింది.

భూమి ఇచ్చినవారూ ఇవ్వననివారూ అడిగింది ఒకటే: తమను కట్టిపడేసే చట్టం దాన్ని చేసినవారినీ కట్టిపడేయాలి. ఆ కోరిక న్యాయమైనది. 2025 మే 2న రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయి. కౌలు రైతు, కూలీ సమ్మతిని అడిగే ఫారం భూసమీకరణ నిబంధనల్లో ఇప్పటికీ లేదు.