విడిది విడుచు ధర్మము

తీర్థయాత్రకు బయలుదేరు విధమును మన పెద్దలు విస్తారముగా చెప్పియున్నారు. ముడుపు కట్టుట, మంచి దినము చూచుట, ఇంటి దీపమునకు మ్రొక్కి గడప దాటుట, దారి పొడవునను గోవిందనామము విడువకుండుట మున్నగునవి ప్రతి వైష్ణవ గృహమునందును తెలిసినవే. సన్నిధిలో మెలగవలసిన తీరును తెలిసినదే. కాని రాత్రి తలదాచుకొన్న చోటిని ఉదయమున ఎట్లు విడువవలెనను విషయమును మనము అంతగా తలపోయము. స్వామి దర్శనమునకు త్వరపడుచున్నవాడు విడిదిని చక్కబెట్టుటకు వెచ్చించు అరగంట, స్వామినుండి అపహరించిన కాలమా? స్వామికి సమర్పించిన కాలమా? ప్రశ్న చిన్నదిగానే కనబడును. దాని బరువు నాకు పండ్రెండవ యేట తెలిసివచ్చినది.

ఆ రోజులలో పెరటాసి శనివారములకు చిత్తూరు ప్రాంతమునుండి పోవు కుటుంబములు కొన్ని ఇంకను గూడుబండ్లు కట్టుకొని పోవుచుండెడివి. బస్సులు లేకపోలేదు. కాని ముసలివారు, పసివారు, వంటపాత్రలు, పది దినములకు చాలునంత బియ్యము, అన్నియు కలసి కదలవలెనన్న బండియే అనుకూలము. చిత్తూరునుండి పాకాల, చంద్రగిరుల మీదుగా తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. దారిలో రెండు రాత్రులు నిలువవలెను. చింతతోపులోనో మామిడితోపులోనో ఎద్దులను విప్పి, డేరా గుడ్డ ఒక అంచును బండి గూటికి, రెండవ అంచును నాటిన గుంజలకు కట్టినచో అదియే ఇల్లు. మూడు రాళ్ళు పెట్టినచో అదియే వంటశాల. తెల్లవారగానే ఆ ఇల్లంతయు మడతపడి బండిలోనికి చేరవలెను.

ఆ మడచుటలో మా పెదనాయన ఒక క్రమమును పాటించెడివాడు. మొదట పొయ్యిలో నీళ్ళు పోసి, నిప్పు పూర్తిగా ఆరినదని బూడిదను చేతితో తాకి చూచి, పైన మన్ను కప్పెడివాడు. ఎంగిలి విస్తళ్ళను గుంతలో పూడ్పించెడివాడు. డేరా గుడ్డను దులిపి, ఎండలో ఆరవైచి, ఆరిన పిదపనే మడత వేయించెడివాడు. మేకులను లెక్కపెట్టి సంచిలో వేయుట, త్రాళ్ళను చిక్కుపడకుండ చుట్టుట, బరువైన మూటలను ఇరుసుమీదికి వచ్చునట్లు సర్దుట, చక్రముల శీలలు చూచుకొనుట, ఇవన్నియు అయిన తరువాత ఆ చోటంతయు ఒకమారు తిరిగి చూచి, ఏ చెట్టు నీడలో నిదురించితిమో ఆ చెట్టునకు నమస్కరించి బండి ఎక్కెడివాడు.

ఆ సంవత్సరము పాకాల దాటిన తరువాత రెండవ రాత్రి తోపులో చినుకులు పడినవి. మరునాడు శనివారము. పొద్దెక్కకముందే అలిపిరి చేరవలెనని పిల్లలమందరమును తహతహలాడుచుంటిమి. పెదనాయన ఎద్దులకు నీరు పెట్టించుటకు పోవుచు డేరా పని నాకు అప్పగించెను. నేను తడిగుడ్డను ఆరవేయక, దులుపక, ఎట్లో చుట్టి బండి అడుగున త్రోసివేసితిని. ఆరినదా అని ఆయన అడుగగా, ఆరినదంటిని. తిరుపతిలో సత్రమున దిగితిమి. మెట్లదారిన కొండ ఎక్కితిమి. కన్నులార దర్శనమైనది. ఆరు దినములు ఆనందముగా గడచిపోయినవి. డేరా మాట నాకు గుర్తే రాలేదు.

తిరుగు ప్రయాణములో చంద్రగిరి దాటి, స్వర్ణముఖీ తీరమున బండి నిలిపిన రాత్రి కుండపోతగా వాన కురిసినది. గుడ్డ విప్పగానే ముక్కిన వాసన వేసినది. మడతలన్నియు నల్లగా బూజుపట్టినవి. అసలే పాతగుడ్డ, గుంజకు కట్టి త్రాడు లాగగానే మడత వెంబడి నిలువునా చినిగినది. పసివారిని గూడుబండిలోనికి చేర్చిన తరువాత అవ్వకు చోటు చాలలేదు. ఆమె చినిగిన గుడ్డ క్రింద గోవిందా గోవిందా యనుచు తెల్లవార్లు తడిసెను. ఇల్లు చేరునప్పటికి జ్వరము పట్టుకొన్నది. మూడు వారములు మంచము దిగలేదు. నేను చేసినదెల్ల ఒప్పుకొని ఏడ్చితిని. పెదనాయన నన్ను కొట్టలేదు. “కొండకు పోయే తొందరలో అవ్వను మరిస్తివి కదరా” అని మాత్రము అనెను. అవ్వ కోలుకొన్నది. ఆ మాట మాత్రము నన్ను నేటికిని విడువలేదు.

ఇచట ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. భక్తి యనునది తొందర ఎరిగినది గదా! గజేంద్రుని మొర విన్న శ్రీమహావిష్ణువే ఎవరితోను చెప్పక, ఏమియు సవరించుకొనక, ఉన్నవాడున్నట్లే వైకుంఠమునుండి బయలుదేరెనని భాగవతము చెప్పుచున్నది. స్వామియే ఇల్లు చక్కబెట్టుకొనక పరుగెత్తగా, స్వామికొరకు పరుగెత్తు జీవునికి డేరా గుడ్డయు పొయ్యి బూడిదయు అడ్డమగునా?

ఈ ఆక్షేపణకు సమాధానము ఆ కథలోనే కలదు. స్వామి త్వరపడినది తనకొరకు కాదు. మడుగులో ఒకడు మొసలివాత పడియుండెను. క్షణము ఆలసించిన ప్రాణము పోవును. అట్టి వేళ ఉన్నది ఉన్నట్లే విడిచి పరుగెత్తుటయే ధర్మము. పొరుగింట మంటలు లేచినప్పుడు మన ఇంటి వాకిలి ఊడ్చుచు నిలుచువాడు శుచిమంతుడు కాడు, కఠినుడు. కాని ఆనాడు నేను ఎవరి ప్రాణము కాపాడుటకు త్వరపడితిని? నా కన్నులకు దర్శనము ముందు కలుగవలెను, నా పుణ్యము నాకు ముందు దక్కవలెను, అంతియే గదా! పరుల ఆపదకై పడు త్వర కరుణ. నాకై నేను పడు త్వర, గోవిందనామముతో కూడినదైనను, స్వార్థమే. రెంటికిని వేగము ఒక్కటే. ఆ వేగము ఎవరికొరకన్నదే భేదము.

కొండను విడుచుటనుగూర్చి శ్రీవైష్ణవ సంప్రదాయములో ఒక కథ కలదు. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి తిరుమలలో పుష్పకైంకర్యమునకై స్థిరపడిన అనంతాళ్వారు ఒకమారు కొండ దిగి యాత్ర పోవుచు, దారిలో భోజనమునకై ప్రసాదపు మూట విప్పెనట. అందులో చీమలు కనబడినవి. మనమైనచో దులిపివేసి భుజింతుము. ఆ మహనీయుడు భుజింపలేదు. ఈ కొండమీద ఏదో ఒక రూపమున నిలిచియుండిన చాలునని కులశేఖరాళ్వారు కోరుకొనలేదా? ఈ చీమలు అట్టి ఏ పుణ్యాత్ములో! తెలియక మూటగట్టి వారిని స్వామికి దూరము చేసితినే యని వగచి, ఆ మూటతో మరల కొండ ఎక్కి, చీమలను అచటనే విడిచి వచ్చెనని పెద్దలు చెప్పుదురు.

ఈ కథను మనము సాధారణముగా కొండ మహిమకు దృష్టాంతముగా చెప్పుకొందుము. అది నిజమే. కాని ఇందు మూట కట్టువాని ధర్మమును కలదు. తాను విడిచి వచ్చిన చోట తనవలన ఏ ప్రాణికి ఏమి జరిగినదని ఆయన విచారించెను. పొరపాటు తెలిసిన తరువాత దూరమైనను, శ్రమయైనను వెనుదిరిగెను. వెనుదిరిగిన ఆ నడకయు స్వామివైపు నడకయే యైనది.

ఆలయ సంప్రదాయమును చూడుడు. బ్రహ్మోత్సవములు ధ్వజారోహణముతో ఆరంభమగును. గరుడధ్వజము నెగురవైచి దేవతలను ఆహ్వానింతురు. తొమ్మిదవనాడు చక్రస్నానమైన తరువాత ధ్వజావరోహణము చేసి, వచ్చిన దేవతలకు మర్యాదతో వీడ్కోలు చెప్పుదురు. ఉత్సవము ముగిసినది గదా, ధ్వజము దానంతటది దిగునని ఎవరును విడిచిపెట్టరు. ఇంటి పూజయందును ఆవాహన యెంత అంగమో ఉద్వాసనయు అంతే అంగము. ముగింపు యనగా పని లేకపోవుట కాదు. ముగింపు కూడ ఒక పనియే.

ప్రతి రాత్రి తిరుమల ఆలయములో జరుగు ఏకాంతసేవ ఇందులకు పరమ ప్రమాణము. శయన మండపమున వెండి గొలుసుల పాన్పుపై సాధారణముగా భోగ శ్రీనివాసమూర్తిని పవళింపజేయుదురు. అన్నమాచార్యుల వంశీయులు లాలి పాడుదురు. తరిగొండ వెంగమాంబ పేర ముత్యాల హారతి జరుగును. రాత్రివేళ బ్రహ్మదేవుడు వచ్చి స్వామిని అర్చించునని సంప్రదాయము గనుక, ఆ అర్చనకై పాత్రలలో జలము నింపి యుంచి, అటుపిమ్మట తలుపులు మూయుదురు. ఈ ఏర్పాటునందలి భావమును మనము మనస్సున నిలుపుకొనవలెను. అర్చకస్వాములు తమ పని ముగించి పోవుచున్నారు. అయినను తమ తరువాత వచ్చువానికి కావలసినది సిద్ధపరచి మరీ పోవుచున్నారు. వచ్చువాడు వారి కంటికి కనబడడు, వారితో మాటాడడు. విడిది విడుచు ధర్మమంతయు ఈ ఒక్క చర్యలో ఇమిడియున్నది.

ఈ మధ్య అమెరికా దేశమున నున్న మా తమ్ముని మనుమడు టెలిఫోనులో ఒక సంగతి చెప్పెను. అచటి మనవారు కొందరు సెలవులలో దూరప్రయాణములు చేయునప్పుడు, కారు వెనుక మడత గుడారపు బండి నొకదానిని తగిలించుకొని పోవుదురట. ఆగినచోట దాని కప్పును పైకెత్తినచో గుడ్డగోడలు విచ్చుకొని, రెండు ప్రక్కల పడకలు వెలుపలికి వచ్చి చిన్న ఇల్లగును. పోవునప్పుడు మరల పెట్టెవలె మూయవలెను. ఆ మూయుటలో వాడు చెప్పిన క్రమము వినగా మా పెదనాయనయే నా యెదుట నిలిచినట్లయినది. పొయ్యి గ్యాసు కట్టవలెను. తొట్టిలోని నీరు వదలవలెను. పడకలు లోనికి త్రోయవలెను. కప్పు దించునప్పుడు గుడ్డ అంచులు నలుగకుండ చేతితో లోనికి సర్దవలెను. కొక్కెములు బిగించి, నాలుగు మూలల ఊతకాళ్ళు ఎత్తి, కారునకు కట్టిన గొలుసును, వెనుక దీపములను చూచుకొని గాని కదలరాదు. గుడ్డ తడిసియున్నచో నేమి చేయుదువని అడిగితిని. “వానలో ఒక్కోసారి తడిగానే మూయక తప్పదు తాతా. ఇంటికి రాగానే మళ్ళీ తెరిచి ఆరబెట్టాలి. తడిగా మూయడం తప్పు కాదు, మరిచిపోవడమే తప్పు” అనెను.

ఇన్ని సంవత్సరములకు నా అపరాధము స్వరూపమేదో నాకు అప్పుడు స్పష్టపడినది. ఆనాటి ఉదయము ఎండ లేదు; గుడ్డ ఆరుటకు వీలు లేకపోయియుండవచ్చును. తడి యున్నదని నిజము చెప్పి, తిరుపతి చేరిన పిదప సత్రపు మేడపై ఒక పూట పరచినచో చాలియుండెడిది. అవ్వ తడియకుండెడిది. త్వర వలన లోపము జరుగవచ్చును. ఆ లోపమును దాచుటయు, దర్శనానందములో మునిగి దానిని మరచుటయు నా దోషములు. లోపమునకు భగవంతుడు ఆరు దినముల గడువిచ్చెను; నేను వినియోగించుకొనలేదు. అనంతాళ్వారు చీమల మూటతో వెనుదిరిగి చేసినదియు, ఆ కుఱ్ఱవాడు ఇంటికి రాగానే గుడారమును తెరచుచున్నదియు ఒక్కటే ధర్మము.

నేడు గూడుబండ్లు పోయినవి. యాత్రికులు రైళ్ళలో, బస్సులలో, సొంత వాహనములలో వచ్చుచున్నారు. కొండమీద గదులు దొరకుచున్నవి. గది విడిచి తాళము అప్పగించినప్పుడు ముందు కట్టిన డిపాజిట్టు సొమ్ము తిరిగి వచ్చును. తాళము పోగొట్టరాదను జాగ్రత్త అందరికిని ఉన్నది. కాని విడిచిన పంపు, ఆర్పని దీపము, మంచము క్రింద త్రోసిన ఎంగిలి ఆకు డిపాజిట్టు లెక్కలోనికి రావు. వాటి లెక్క వేరొకచోట వ్రాయబడును. మనము దిగిన అరగంటకు ఆ గదిలోనికి ఎవరో ఒక ముసలితల్లి మెట్లెక్కి అలసి వచ్చును. ఆమె వచ్చుటకు ముందు ఆ గదిని ఊడ్చు పనివాడును స్వామి కైంకర్యపరుడే. మనము విడిచిన ప్రతి అశుద్ధమును వీరిద్దరిలో ఎవరో ఒకరు మోయక తప్పదు.

కావున యాత్రికులు తమ ఇండ్లలో పిల్లలకు ఈ అలవాటు నేర్పవలెను. విడిది విడుచునప్పుడు ఒకరిని ముందు పంపక, అందరును కలసి సర్దవలెను. చివరకు పెద్దవారొకరు గదియంతయు తిరిగి చూడవలెను. వానలో తడిసిన గొడుగునో దుప్పటినో మూటలో వేసినచో, ఇల్లు చేరగానే ముందు దానిని విప్పి ఆరవేయవలెను. ప్రసాదము పంచుట తరువాతి పని. దర్శనము ఆలస్యమగునని భయపడనక్కరలేదు. ఎవరి మేలుకొరకు మనము ఆ అరగంట నిలిచితిమో వారియందును అంతర్యామియైన ఆ స్వామియే యున్నాడు.

ఈ దేహమును గూడ పెద్దలు విడిదియే యన్నారు. దానిని విడుచు గడియ మన చేతిలో లేదు. విడుచునప్పుడు మిగులవలసిన శుభ్రతను నేర్చుటకు మాత్రము ప్రతి యాత్రయు ఒక అవకాశము నిచ్చుచున్నది. నా వరకు నేను, ఎచట నుండి బయలుదేరినను గుమ్మము దాటుటకు ముందు ఒకమారు వెనుదిరిగి చూతును. అవ్వ తడిసిన ఆ రాత్రి జ్ఞప్తికి వచ్చును. చేతిలోని మూట దించి, మిగిలినదేదో చక్కబెట్టి, గోవిందా యని తలుపు మూయుదును.