చాలు అనే మాట

నాగలి నేలలో గీసిన గాడిని తెలుగులో చాలు అంటారు. ఇక అక్కరలేదని చెప్పడానికీ అదే మాట. రెంటి పుట్టుక ఒకటేనని మేము వాదించబోము. అయితే పెరటిలో టిల్లర్ పట్టి నిలిచిన వారికి రెండర్థాలూ ఒకేసారి ఎదురవుతాయి.

డల్లాస్ పరిసరాలలో మనలో పలువురు వంగ, బెండ, గోంగూర వేసే నేల నల్లని బంకమన్ను. అది మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. శాస్త్రజ్ఞులు రెంటినీ వర్టిసాల్ వర్గంలోనే చేర్చారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. వేళ్ల దగ్గర నీరు నిలవకుండా బోదెలు తీర్చడం ఇక్కడ మేలు. అందుకు టిల్లర్ వెనుక, లోతు నిలిపే కడ్డీకి బదులుగా, రెండు రెక్కల బోదె నాగలిని బిగిస్తారు. ముందు తిరిగే పళ్లు మట్టిని గుల్ల చేస్తే, రెక్కలు దానిని ఇరువైపులా ఎగదోస్తాయి. పని మొదలుపెట్టే ముందు పిడికెడు మన్ను పిసికి చూడాలి. వేలితో తాకగానే ముద్ద పొడిగా విడిపోతే దున్నవచ్చు. విడిపోకపోతే ఆ రోజు ఆగడమే మంచిది. తడిలో దున్నిన బంకమన్ను ఎండి ఇటుకలవుతుంది.

ఇంత సులువుగా నేలను చీల్చడం ధర్మమేనా? అశ్వఘోషుని బుద్ధచరితంలో యువ సిద్ధార్థుడు దున్నిన పొలంలో చచ్చిన పురుగులను, అలసిన ఎద్దులను చూసి దుఃఖిస్తాడు. రామాయణంలోనో, జనకునికి నాగేటి చాలులోనే సీత లభించింది; ఆమె పేరుకు అర్థమూ చాలే. నాగలిని పూజించినవారూ, దాని కింద నలిగిన ప్రాణికి కన్నీరు పెట్టినవారూ మన పెద్దలే. ఒకరి కోసం మరొకరిని కాదనడం మాకు సమ్మతం కాదు. కూర తినేవారు నేలను తాకక తప్పదు. ఎంత తాకాలన్నదే చిక్కు.

ఎద్దు అలసేది. దానితోపాటు మనిషీ ఆగేవాడు. యంత్రానికి అలసట లేదు కనుక ఆగే బాధ్యత పూర్తిగా మనమీద పడింది. అమెరికా మైదానాలలో గడ్డినేలలను ట్రాక్టర్లతో విరివిగా దున్నిన తరువాత, 1930ల కరువులో ఆ మన్ను ధూళిమేఘాలై లేచిపోయింది. టెక్సస్ ఉత్తర భాగమూ అందులో నలిగింది. మన పెరడు చిన్నది, నిజమే. కానీ మన్ను ఇప్పటికే గుల్లబారినా, “ఇంకొక్కసారి తిప్పుదాం” అని పిల్లలు ఉత్సాహపడతారు. పెద్దలకూ ఆ ఉబలాటం తక్కువేమీ కాదు.

మా దృష్టిలో బోదె నాగలి విలువ ఇక్కడే ఉంది. బోదెలు ఒకసారి తీరితే ఏటా పెరడంతా తిరగదున్నవలసిన పని లేదు. నడక కాలువలోనే సాగితే బోదె మన్ను అణగదు. పైన ఎండుటాకులు కప్పితే వానపాములు అక్కడే ఉంటాయి. మరుసటి ఏడు జారిన మట్టిని పారతో ఎగదోస్తే సరిపోతుంది. కొత్త నేల తెరిచేటప్పుడు మాత్రం టిల్లర్‌ను షెడ్డులోనుంచి మళ్లీ తీయవలసివస్తుంది.