లేమి ఎవరిది?

పాతగుడి ప్రాకారమునందు దాతల పేర్లు చెక్కిన రాతిపలక యొకటి కలదనుకొందము. ఇరువది పేర్లలో పందొమ్మిది స్పష్టముగా నున్నవి. ఒక్కటి మాత్రము ఎండకు వానకు అరిగి, వ్రేలితో తడవి చూచినను అక్షరము చిక్కకున్నది. దూరపుటూరినుండి వచ్చిన మనుమడొకడు తన తాతగారి పేరు ఇందు కలదేమో యని వెదకి, పందొమ్మిదింటిలోను కానక, “లేదు” అని వెనుదిరుగబోవును. అట్లనుటకు అతనికి అధికారము కలదా? ఈ పందొమ్మిదియు కావని అతడు చెప్పగలడు. అరిగిపోయిన ఆ యిరువదవ పేరు తన తాతగారిది కాదని ఎట్లు చెప్పగలడు? చదువరాని యొక్క పంక్తి, చదువ వచ్చిన పంక్తులన్నియు కలిసి ఈయబోయిన తీర్పును ఆపివేయుచున్నది.

ఈ ప్రశ్ననే కంప్యూటరు నెదుట నిలిపినచో అదియు ఇట్లే ప్రవర్తించును. డేటాబేసులతో మాటలాడుటకు ఏర్పడిన ఎస్.క్యు.ఎల్. భాషలో, ఒక జాబితాయందు ఫలానా పేరు లేదు గదా యని ‘నాట్ ఇన్’ అను పదముతో అడిగినప్పుడు, ఆ జాబితాలో ఒక్క గడి ‘నల్’ అయి యున్నను, అనగా అందలి విలువ తెలియకున్నను, “లేదు” అను మాట నిజమని యంత్రమెన్నడును అనదు. కొత్తగా పని నేర్చుకొనువారు ఇది చూచి యంత్రము తప్పినదని భ్రమింతురు. అది తప్పలేదు, తనకు తెలియనిది తెలియదని ఒప్పుకొన్నది.

ఈ యొప్పుకోలునకు తర్కరూపము కల్పించినవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండు దక్షిణతీరమందలి పోర్ట్‌లండ్ ద్వీపమున 1923లో జన్మించి, రెండవ ప్రపంచయుద్ధమున విమానచోదకుడై, పిదప ఐబీఎం సంస్థలో చేరిన ఈ గణితజ్ఞుడు, సమాచారమంతటిని వరుసలును గడులును గల పట్టికలుగా భావించి గణితన్యాయముల ననుసరించి ప్రశ్నింపవచ్చునని 1970లో ఒక వ్యాసమున ప్రతిపాదించెను. లోకమందలి బ్యాంకులు, రైళ్లు, ఆసుపత్రులు నేడు నడపుకొను లెక్కలలో అధికభాగము ఆ వ్యాసపు బీజమునుండి మొలచినదే. అయితే పట్టిక యన్న తరువాత ఖాళీగడి తప్పదు. ఆ గడిని గూర్చి యోచించి, 1979 నాటి మరియొక వ్యాసమున, నిజము, అబద్ధము అను రెంటి సరసన ‘తెలియదు’ అను మూడవ తర్కవిలువను ఆయన నిలిపెను.

ఆ మూడవ విలువ ఏమి చేయునో చూడుడు. పింఛను పట్టికలో ముగ్గురు స్త్రీలున్నారు. ఒకరికి 72 ఏండ్లు, ఒకరికి 41; మూడవ యామెకు పుట్టిన తేదీ తెలుపు కాగితమేదియు లేదు గనుక వయస్సు గడి నల్. “60 ఏండ్లు నిండినవారెవరు?” అని యడిగిన మొదటి యామె వచ్చును. “60 ఏండ్లు నిండనివారెవరు?” అని యడిగిన రెండవ యామె వచ్చును. మూడవ యామె ఏ జాబితాలోను రాదు, ఏలయనగా నిజమని తేలిన వరుసలనే యంత్రము బయటికి తెచ్చును. ఉన్న యిద్దరికిని ఉన్నట్లే న్యాయము జరిగినది. ప్రాణముతో కూర్చున్న మూడవ యామె రెండు తలుపుల నడుమ జారిపోయినది.

ఇక్కడనే మన తర్కశాస్త్రము నాకు జ్ఞప్తికి వచ్చును. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, తర్కసంగ్రహమున సప్తపదార్థములను చెప్పుచు, అభావమును ఏడవ పదార్థముగా పరిగణించెను. దానిని ప్రాగభావము, ప్రధ్వంసాభావము, అత్యంతాభావము, అన్యోన్యాభావము అని నాలుగుగా విభజించెను. కుండ పుట్టకముందు లేకుండుట వేరు, పగిలిన పిదప లేకుండుట వేరు. ‘లేదు’ అను ఒక్క మాటలో ఇన్ని లేములను వేరుపరచి చూచిన ఆ సూక్ష్మదృష్టితో ఖాళీగడిని చూచినచో ఏమి తేలును? నేలపై ఘటము లేకుండుట ఘటాభావము. దానికి ఆశ్రయము నేల. ఘటమున్నదో లేదో నాకు తెలియకుండుట జ్ఞానాభావము. దానికి ఆశ్రయము నా ఆత్మ. ఆ మూడవ యామెకు వయస్సు కలదు. ఆమె ప్రతిసంవత్సరమును ఎండలోను వానలోను గడపి సంపాదించుకొన్నదే. లేనిది మన యెరుక. మనలోని లేమిని తెచ్చి ఆమె పేరిట వ్రాయుచున్నాము.

భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణముగా అంగీకరించిరి. కనబడకపోవుటచేతనే లేదని తెలియవచ్చునని దాని భావము. కాని వెంటనే వారొక నియమమును చేర్చిరి: ఆ వస్తువు ఉన్నచో తప్పక కనబడియుండవలెను. పట్టపగలు కనబడని కుండ లేదు. చీకటిలో కనబడని కుండను గూర్చి ఏమియు చెప్పరాదు. దీనిని యోగ్యానుపలబ్ధి యందురు. 1978లో రేమండ్ రైటర్ అను శాస్త్రజ్ఞుడు డేటాబేసులను గూర్చి ‘మూసిన లోకపు ఊహ’ అను సూత్రమును స్పష్టపరచెను: పట్టికలో లేనిదెల్ల అబద్ధమేయని గ్రహించుట. రైలు రిజర్వేషను పట్టికకు ఈ ఊహ తగును. అందు పేరు లేనివానికి బెర్తు లేదు. ఆ పట్టిక పట్టపగలు వంటిది. కాని రోగుల పట్టికలో పేరు లేనివాడు ఆరోగ్యవంతుడనిన, చీకటిగదిలోనికి తొంగిచూచి కుండ లేదనుటయే.

కాడ్ సయితము ఒక్క గుర్తుతో తృప్తినొందలేదు. వయస్సు తెలియకుండుటకు ఒక గుర్తు, అవివాహితుని వరుసలో భార్యపేరు గడివలె విలువకు తావే లేనప్పుడు వేరొక గుర్తు ఉండవలెనని 1990 నాటి తన గ్రంథమున వాదించెను. ఎస్.క్యు.ఎల్. దానిని స్వీకరింపలేదు; నేటికిని తెలియమియు లేమియు ఒక్క నల్ క్రిందనే తలదాచుకొనుచున్నవి. ఒరకిల్ డేటాబేసులో అక్షరమొక్కటియు లేని పదము సైతము నల్‌గానే గణింపబడును. కావున ఇంటిపేరు లేనివాడును, ఇంటిపేరు మనకు తెలియనివాడును అచ్చట ఒక్కటే.

దైవవిచారమునకును ఈ వివేకము అవసరమని నా విశ్వాసము. ధర్మాధర్మములు ఆత్మయందున్నను ఇంద్రియములకు గోచరింపవు గనుక, కనబడకపోవుట మాత్రముచేత వాని అభావము సిద్ధింపదని అద్వైతులు చెప్పిరి. ఈశ్వరుని గూర్చియు అంతే: కంటికి యోగ్యము కానిదానిని కన్ను కానలేదని త్రోసివేయుట తర్కము కాదు. అయితే ఆ న్యాయమే ఆస్తికుని సయితము కట్టివేయును. చూపునకందని ఖాళీలో తనకు నచ్చిన విలువను నింపి, అదియే సత్యమని యితరులపై మోపుటకు అతనికిని అధికారము లేదు. ‘తెలియదు’ అను మాటను నిలుపుకొనగలుగుట ఇద్దరికిని తపస్సే.

ఆ తపస్సు చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. ఎస్.క్యు.ఎల్.లో నల్‌ను సమానచిహ్నముతో పట్టుకొనలేము. తెలియనిది మరియొక తెలియనిదానితో సమానమని ఎవరనగలరు? దానికై ‘ఈజ్ నల్’ అను వేరు ప్రశ్న కలదు: మాకు ఎవరిని గూర్చి తెలియదు? ఆ ప్రశ్న వేసినప్పుడే మూడవ యామె పేరు తెరపైకి వచ్చును. అటుపిమ్మట యంత్రము చేయగలిగినది లేదు. ఎవరో యొకరు ఎండలో నడచి ఆమె గుమ్మము చేరి, అరుగుమీద కూర్చుండి, “మామ్మగారూ, దివిసీమ ఉప్పెన వచ్చిననాటికి మీకెందరు పిల్లలండీ?” అని అడుగవలెను. ఇద్దరు పుట్టి, మూడవవాడు కడుపున నున్నాడని ఆమె చెప్పును. ఉప్పెన 1977లో వచ్చినది. గడి నిండుట మొదలైనది.